చెమటరాయుడికి నలభై చెంబులు

దేవుడికి ఒక చెంబు నీళ్ళు పోసి, ఊరు ఊరంతటి చేతా కొబ్బరికాయలు కొట్టించిన ఘనత నాది. పైగా ఆ నీళ్ళు పోసే సంగతి ఎవరికీ తెలియకూడదని పోసినాను! చివరికి ఏమైందో చెప్తాను, నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు నవ్వని వాళ్ళు లేరు, ఒక్కరు తప్ప.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా ఇంటాయన కాలవ పనిలో మేస్త్రీ. ఎక్కడి నీళ్ళో మన జిల్లాకు తెస్తామని కాలవ తవ్వుతుంటే ఆయనకు అక్కడ క్యాంపులో డ్యూటీ. "గుడారాల్లో ఆడవాళ్ళు ఉండలేరు, రెండు నెలలు ఓర్చుకో" అని చెప్పి, మడకశిర దగ్గర ఈ చిన్న ఊళ్ళో ఇల్లు బాడుగకు తీసి నన్ను పెట్టి పోయినారు. రెండు నెలలు ఎనిమిది నెలలయినాయి. ఆయన అక్కడ నీళ్ళకు దారి తవ్వుతుంటే, నేనిక్కడ వంతు బావి దగ్గర బిందె పట్టుకుని నిలబడేదాన్ని. ఆ యేడు వానల్లేక ఇంటికి రెండు బిందెలే. ఎవరైనా అంతే.

ఒంటిగా ఉండటమంటే ఏమిటో నన్నడిగితే, ఒక్క మనిషికి పప్పు వండటమే అంటాను. ఎంత తక్కువ వేసినా మిగులుతుంది. వంట చేస్తూ "ఉప్పు సరిపోయిందా?" అని పైకే అడిగేదాన్ని. "ఆఁ, సరిపోయింది" అని నేనే చెప్పుకునేదాన్ని. పోస్టు సైకిల్ గంట మా వీధిలోకి తిరగకుండా అటే పోతే, ఆ పొద్దు ఇంక అన్నం కూడా వండబుద్ధి అయ్యేది కాదు.

ఊరి బయట ఎండిపోయిన వాగు ఉంది, వంక అంటారు. వంక గట్టున పెద్ద బండ, ఆ బండ మీద చెక్కిన ఆంజనేయస్వామి. ఊరివాళ్ళు చెమటరాయుడు అంటారు. వాన వచ్చే ముందు స్వామికి చెమట పడుతుందట! చెమట పట్టిన మూడో నాటికి వాన తప్పదట. ఎవరు చూసినారంటే మాత్రం ఎవరూ చూడలేదు. "మా అబ్బ చూసినాడు" అంటాడు ఒకడు. "మీ అబ్బకు చూపే లేదు కదప్పా!" అంటాడు ఇంకొకడు. చీకటి పడేదాకా అరుగుల మీద ఇదే పంచాయితీ.

నాకు వానతో పని లేదు. విడిపోయిన ఆలుమగల మధ్య కబురు మోసినవాడు ఆ స్వామే కదా అని, నా మొక్కు నేను మొక్కుకున్నాను. నలభై ఒక్క దినాలు, దినానికొక చెంబు నీళ్ళు. మా ఆయన ఇంటికి రావాల. మా అమ్మ చెప్పేది: ఇట్లాంటి మొక్కు ఎవరి చెవినా వేయకూడదు, నోరు విప్పితే ఫలం పోతుంది. నాకది సులువే. నోరు విప్పటానికి ఎవరున్నారు గనుక!

స్నానం నీళ్ళలో ఒక చెంబు మిగిల్చి, పైన తులసాకు వేసి మూలన పెట్టేదాన్ని. ఊరంతా ఎండకు తలుపులు మూసుకునే మిట్టమధ్యాహ్నం, నా పసుపుపచ్చ కోక తల నిండా కప్పుకుని, కొంగు కింద చెంబు పెట్టుకుని పోయేదాన్ని. ఆడదాన్ని, ఆంజనేయుణ్ణి తాకకూడదని ఒక అడుగు దూరంలోనే నిలబడి నీళ్ళు విసిరినట్టు పోసేదాన్ని. ఆ బండ వేడికి నేను దండం పెట్టి లేచేలోగానే తడి ఆరిపోయేది. పూజారి ఆ ఊళ్ళో ఉండడు. రెండు నెలలుగా ఆయన రాకే లేదు. నా మొక్కుకు సాక్షి బండ ఒక్కటే.

ఇంతలో మేకలు కాసే మారెప్ప ఒక కథ మొదలుపెట్టినాడు. మధ్యాహ్నం పూట వంకలో పసుపుపచ్చ కోక కామిని దయ్యం తిరుగుతాండాదని! "కాళ్ళు నేలకు తగలవప్పా. ఇట్ల చూసేలోపల మాయం!" బావి దగ్గర ఈ మాట విని నాకు చేతులు చల్లబడిపోయినాయి. ఆ మర్నాటి నుంచి రామ రామ అనుకుంటూ, అటూ ఇటూ చూడకుండా పరుగున పోయి, పరుగున వచ్చేదాన్ని. ఎంత పరుగెత్తితే కామిని కాళ్ళు అంత గాల్లో తేలినాయని మారెప్ప చెప్పేవాడు. నాకు ఇంకా భయం!

మా పక్కిల్లు ఓబులక్కది. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. పెనిమిటి పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు, ఒక పెయ్యదూడ, వానను నమ్ముకున్న రెండెకరాల చేను. నిరుటి నుంచి ఒక మూట విత్తనం శెనక్కాయ అటక మీద దాచిపెట్టింది. గంజి తాగి పడుకున్న దినాలు నాకు తెలుసు, ఆ మూట మాత్రం విప్పలేదు.

ఒకనాడు ఆమె గడపలో నిలబడి అడిగింది. "మేస్త్రమ్మా, ఒక చెంబు నీళ్ళుంటే ఇయ్యి. పెయ్య నాలిక బయటేస్తాండాది."

మూలన తులసాకు వేసిన చెంబు నాకు కనపడుతూనే ఉంది.

"లేవక్కా" అన్నాను.

ఆమె వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఆ "లేవక్కా" అన్న మాట మాత్రం నా చెవిలో చాలా దినాలు ఉండిపోయింది.

ఇట్లా నలభయ్యో దినం వచ్చింది. శనివారం. ఆ పొద్దున పూజారి రానే వచ్చినాడు. స్వామికి నిండుగా నూనె కలిపిన సిందూరం పూసి, ఎండ ముదరకముందే ఊళ్ళోకి వచ్చేసినాడు. ఎర్రగా మెరుస్తున్న స్వామిని చూసి నాకు కండ్లు చెమర్చినాయి. చెంబు నీళ్ళు పోసి, రామ రామ అంటూ పరుగెత్తి ఇంటికొచ్చి పడినాను. నూనె మీద నీళ్ళు నిలుస్తాయని నాకు తట్టనే లేదు! దినమూ వంటింట్లో చూసేదే కదా, దేవుడి దగ్గర బుద్ధి ఎక్కడికి పోయిందో.

పొద్దు వాలకముందే వీధిలో కేకలు.

"ఏమప్పా, ఇండ్లల్లో ఉండారా! రాయుడికి చెమట పట్టినాది! కండ్లారా చూసినా!" మారెప్ప. వెనక మేకలు, మేకల వెనక సగం ఊరు. "నుదుటి మీద, రొమ్ము మీద, బొట్లు బొట్లు! యేలితో తీసి నాలిక్కి పెట్టుకుని చూసినా. ఉప్పగా ఉండాది!"

తప్పెట మోగింది. ఆరిపోయిన బొట్లను చూసేదానికి ఊరంతా పోయింది. చూసినవాళ్ళకు మచ్చలు కనపడినాయి, ఆ మచ్చలు చెమట మచ్చలయినాయి. అంగట్లో ఉన్న కొబ్బరికాయలన్నీ చెల్లిపోయినాయి. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. ఇంకొక్క దినం. రేపు మధ్యాహ్నం దాకా నోరు మూసుకుంటే నా మొక్కు తీరిపోతుంది. ఊరివాళ్ళు సంతోషంగా ఉన్నారు, ఉండనీ. ఎవరికేం నష్టం?

దీపం పెట్టే వేళకు గోడ అవతల నుంచి చప్పుడు. టప్. టప్. టప్.

శెనక్కాయ ఒలుస్తున్నారు.

ఒలిస్తే ఇంక విత్తాల్సిందే. పొడి దుమ్ములో విత్తి మూడు దినాల్లో వాన రాకపోతే చీమలు తింటాయి, కాకులు తింటాయి, మిగిలింది మాడిపోతుంది. అటక మీద ఇంకో మూట లేదు. ఒక్కొక్క టప్పుకీ ఒక గింజ. చెప్తే నా నలభై దినాలు మన్నులో పోతాయి. చెప్పకపోతే ఆమె యేడాది మన్నులో పోతుంది.

లేచి పోయినాను.

"రా మేస్త్రమ్మా!" ఓబులక్క మొహం వెలిగిపోతా ఉంది. అంత సంతోషంగా ఆమెను ఎన్నడూ చూళ్ళేదు. "తెల్లారితే విత్తేదానికి గొర్రు కడతాండాం. కూకో."

"అక్కా..."

"ఏం?"

"ఏం లేదు." కూర్చున్నాను. చేతులు ఊరుకోవు కదా, నేనూ ఒలవటం మొదలుపెట్టినాను! ఆపటానికి పోయిన దాన్ని, వాళ్ళ కంటే బిరబిర ఒలుస్తున్నాను. "అక్కా..." అని మళ్ళీ అన్నాను. "ఏందే?" "ఏం లేదు." మూడు దోసిళ్ళ గింజలయినాయి. ఇంక లాభం లేదని కండ్లు మూసుకుని అనేసినాను.

"ఆ చెమట నేను పోసిన నీళ్ళు అక్కా. దినమూ మధ్యాహ్నం ఒక చెంబు పోస్తున్నాను. ఈ పొద్దుటికి నలభై."

ఓబులక్క నన్ను చూసి నవ్వింది. "నువ్వా! మా కోడి నీ బియ్యం తింటాంటే 'ఎల్లిపో తల్లీ' అని బతిమాలే దానివి. నువ్వు ఒక్కదానివే వంకలోకి పోతావా? ఆడ కామిని తిరుగుతాండాదంటే వణికిపోతివి కదా!"

"అక్కా... ఆ కామిని కూడా నేనే అనుకుంటా."

ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. పిల్లలిద్దరూ నోళ్ళు తెరిచినారు. ఆ కాయ పక్కన పెట్టి ఆమె అంది. "తెల్లారి అందరి ముందరా చూపించు. అంతదాకా నా విత్తనం ఇంట్లోనే ఉంటాది."

ఆదివారం పొద్దున ఆ బండ చుట్టూ నాలుగు వరసల జనం. తప్పెటలు, కాడి కట్టిన ఎద్దులు, పూలదండలు. ఆ జనం నడుమ నుంచి నేను, నా చెంబు. పదిమందిలో గట్టిగా దగ్గటం కూడా తెలియని దాన్ని! ఒక అడుగు దూరాన నిలబడి నీళ్ళు పోసినాను. లెక్కకు నలభై ఒకటోదే. ఇంక లెక్కలోకి వస్తుందో రాదో స్వామికే తెలియాలి.

స్వామి నుదుటి మీద ముత్యాల్లాగా బొట్లు నిలబడినాయి.

"అవునప్పా, నిన్న నూనె పూసింది నేనే" అన్నాడు పూజారి, చిన్నగా.

తప్పెట ఆగింది. అందరూ మారెప్ప వైపు తిరిగినారు. "ఉప్పగా ఉండాదంటివి కదరా?"

"ఉప్పగానే ఉన్నింది!"

"నువ్వు నీ యేలు నాక్కున్నట్టుండావు. యేలు కడిగి ఎన్నాళ్ళాయ?"

ఒకడు నవ్వినాడు, తరువాత ఇద్దరు, తరువాత బండ అదిరేటట్టు అందరూ. నేను ఆ ఎండలో, అన్ని కండ్ల నడుమ, చెంబు పట్టుకుని నిలబడినాను. నుదుటి నుంచి ముక్కు మీదికి, ముక్కు మీది నుంచి గదమ మీదికి చెమట ధారగా కారుతోంది. మారెప్ప తన పరువు కాపాడుకోవాల కదా, నన్ను చూపించి ఎగిరినాడు. "రాయుడికి కాకపోతే ఏమాయప్పా! ఈయమ్మకు చూడండి ఎట్ల పట్టినాదో! మూడు దినాల్లో వాన రాకపోతే నన్నడగండి!"

ఓబులక్క మాత్రం నవ్వలేదు. నా దగ్గరకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అంది. "నలభై చెంబులు. నా పెయ్యకు ఒక్క చెంబు లేదంటివే."

నేను తల ఎత్తలేకపోయినాను. ఎవరి కోసం మొక్కుకున్నానో చెప్పినాను, చెప్పకూడనిది మొత్తం చెప్పేసినాను. ఆమె నా చేతిలో చెంబును వేలితో తట్టింది.

"రేపట్నించి ఆ చెంబు నా పెయ్యకు. నువ్వే ఎత్తుకోని రావాల. పోసి పరుగెత్తేది కాదు, కూకోని సంగటి తినిపోవాల. నీకు కూడా నలుగురు మాట్లాడేవాళ్ళు కావాల గానీ, బండతో ఏం మాట్లాడతావే?"

ఒలిచిన గింజలు బూడిద కలిపి కుండలో పోసి మూత పెట్టినారు. ఎద్దులు ఇంటికి పోయినాయి. నేను ఆనాటి నుంచి మధ్యాహ్నం వీధిలోనే, అందరూ చూస్తుండగా, చెంబు పట్టుకుని పక్కింటికి పోయేదాన్ని. ఒక మనిషికి పప్పు వండే బాధ తప్పింది.

ఇంక వాన సంగతి. మూడో నాడు సాయంత్రం పడింది! లెక్కపెట్టుకునేటన్ని చినుకులు. దుమ్ము అణగటానికి కూడా చాలలేదు. కానీ నాకు పేరు అంటుకోవటానికి బాగానే సరిపోయింది. మేస్త్రమ్మ పోయి చెమటమ్మ వచ్చింది. అసలైన వాన ఇంకో రెండు వారాలకు గానీ రాలేదు. అప్పుడు ఓబులక్క నన్ను చేనికి తీసుకపోయి మొదటి గుప్పెడు గింజలు నా చేతనే చాళ్ళలో వేయించింది.

మొక్కు ఏమైందంటారా? నోరు విప్పినాను కదా, ఆయన రాలేదు. ఇంకో ఆరు నెలలకు, శెనక్కాయ పీకి ఇండ్లకు చేర్చినాక, లీవు దొరికి వచ్చినారు. దినాలు లెక్కపెట్టటం ఎప్పుడు మానేసినానో నాకు గుర్తే లేదు.

బస్సు దగ్గర మారెప్ప ఎదురుపడి, ఆయన పెట్టె నెత్తిన పెట్టుకుని వీధంతా అరుచుకుంటా వచ్చినాడు. "చెమటమ్మ మొగుడొచ్చినాడప్పో! చెమటమ్మ మొగుడు!"

ఆయన గడపలోనే ఆగిపోయినారు. "ఎవరే ఆ చెమటమ్మ? నేను లేకుండా ఏం చేసినావు నువ్వు ఈ ఊళ్ళో?"

"నేనేం చేయలేదండీ. ఒక చెంబు నీళ్ళు పోసినాను, అంతే" అని మొదలుపెట్టినాను. కానీ అన్ని నెలల తర్వాత మనిషి ఎదురుగా నిలబడేసరికి గుండె దడదడమని, చలికాలంలో కూడా నా నుదురంతా తడిసి, బొట్టు కరిగి ముక్కు మీదికి వచ్చింది.

పెరటి గోడ మీదుగా ఓబులక్క తల కనపడింది. నన్ను చూసింది, ఆయన్ను చూసింది, మళ్ళీ నా నుదురు చూసింది.

"రే మారెప్పా! ఆ పెట్టె ఆడ దించి పరుగెత్తప్పా. ఎద్దులు కట్టమని చెప్పు ఊర్లో!"