చెరువులో దిగిన గేదె

నా చిన్నప్పుడు మా ఊరి మంచినీళ్ళ చెరువును ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక్క ఊపిరిలో ఈదేశాను. మొన్న ఆదివారం అదే చెరువులో పడవ ఎక్కి దిగిన మనవలకి ఇలాగే చెప్పాను. గట్టు మీద బెంచీలో నా పక్కన కూర్చున్న మా అక్క, "ఈదావా?" అంది. సరే, ఈదలేదు. మొలలోతు దిగి, బురదలో కాలు కూరుకుపోయి, కేకలు పెట్టాను.

అప్పట్లో అందులో దిగడం ఆట కాదు. వేసవిలో కాలువలు కట్టేసే ముందే ఆ చెరువు నింపుకునేవాళ్ళం. మళ్ళీ కాలువ వచ్చేదాకా ఊరందరి గొంతూ తడవాల్సింది ఆ నీళ్ళతోనే. కాళ్ళు బయట కడుక్కుని, రేవు మెట్టు మీంచి వంగి బిందె ముంచుకోవాలి తప్ప నీళ్ళలో అడుగు పెట్టకూడదు. కాపలాకి ఒక తాత ఉండేవాడు. గట్టు మీద పాక, ఒక గేదె, ఊరు పెట్టే గింజలు, అంతే ఆయన సంసారం.

నా కేకలకి తాతే వచ్చి రెక్క పట్టుకుని పైకి లాగాడు. అప్పటికే రేవంతా బురద. బిందెతో వచ్చిన అక్క గట్టు మీద నిలబడిపోయింది. ఈలోగా ఊరిపెద్ద అయిన మా నాన్న పదిమందితో వచ్చి, "ఎవడ్రా దిగింది?" అన్నాడు. తాత నా తడిలాగు వంక చూసి, "నా గేదె దిగిందండి. తోలడానికి బాబుగారు సాయమొచ్చారండి" అన్నాడు.

ఆ సాయంత్రమే పాక పీకించారు. వెళ్ళేముందు తాత మా ఇంటికి వచ్చి, అక్క తెచ్చిన ఆ బురదనీళ్ళ బిందె లోపల ఇండుపగింజ అరగదీశాడు. "పొద్దుటికి తేరుకుంటాయి బాబూ, తాగండి" అని, గేదెను తోలుకుని వెళ్ళిపోయాడు. ఏ ఊరని ఎవరూ అడగలేదు. పొద్దున్నే నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తాగాను. ఇప్పటికీ గ్లాసెత్తితే ముందు అడుగు వైపు చూస్తాను, మడ్డి ఉందేమోనని.

"పరాయి పిల్లాడి కోసం అబద్ధమాడి కూడు పోగొట్టుకున్నాడర్రా మహానుభావుడు" అని ముగించాను.

అక్క నా వైపు తిరగనైనా లేదు.

"ఆయన నోరు విప్పలేదురా. గేదె దిగిందన్నది నువ్వు. నాన్న ముందు కాదనడానికి ఆయనకి నోరెక్కడిది? ఆ గింజ అరగదీశాడు చూడు, అదొక్కటే నిజం."