ఇద్దరం వెనక్కి తిప్పిన గడియారం

మా వదిన పనిచేసే చోట ఆమె నడుము పైభాగం మాత్రమే కనిపిస్తుంది. రేవు పక్కన తెరచాపలు కుట్టే షెడ్డు అది. గుడ్డ ఎక్కడా వేలాడకుండా నేలమీద పరుచుకుని సూది కిందికి రావాలని, కుట్టుమిషన్‌ను గొయ్యి తవ్వి అందులోకి దించారు. వదిన ఆ గోతిలో కూర్చుంటుంది. ఎంత పెద్ద పడవ యజమాని వచ్చినా, "కూర్చుని మాట్లాడండి బాబూ, పైకి చూసి చూసి నా మెడ పడిపోతోంది" అంటుంది. ఆయన బుద్ధిగా నేలమీద కూర్చుంటాడు. రేవులో అందరూ ఆమెను తెరచాపమ్మ అంటారు.

ఇరవయ్యారేళ్ళుగా కుడుతోంది. కుట్టిన ప్రతి తెరచాప నంబరూ షెడ్డు గోడమీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. సముద్రం దాటినవాటి పక్కన ‘చేరింది’, దాటలేనివాటి పక్కన ‘చేరలేదు’. ఆమె మాత్రం ఎప్పుడూ రేవు గోడ దాకా వెళ్ళి, తెరచాప గాలితో సరిగా నిండుతోందో లేదో చూసి తిరిగొచ్చేసేది. ఇంట్లో పని ఉంటుంది మరి. మా అమ్మ చనిపోయిన ఏడాదే ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నా జడలు, నా ఎక్కాలు, నా జ్వరాలు అన్నీ ఆమె నెత్తిమీదే పడ్డాయి. అందరికంటే ముందు లేచేది ఆమే, ఆఖరున పడుకునేదీ ఆమే. నేనివాళ పడవ నడపడం నేర్పే టీచర్ని అయ్యానంటే అది ఆమె చలవ. ఈ మాట ఆమె ముందంటే "చాల్లే సంబడం" అంటుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఏడాది మొదట్లో చిన్న తెరచాప పడవల పోటీ పెట్టారు. పడవకు ఇద్దరేసి మనుషులు, సముద్రం అవతలి రేవు దాకా. నాతో రావలసిన స్నేహితురాలు వారం ముందు కాలు విరగ్గొట్టుకుంది.

"నేనొస్తా" అంది వదిన గోతిలోంచి.

అన్నయ్య పడీపడీ నవ్వాడు. "ఈ వయసులోనా?"

"మీ చెల్లెలికి సూదిలో దారం ఎక్కించడం రాదు. చాప చిరిగితే ఏం చేస్తుంది, మీకు ఉత్తరం రాస్తుందా?"

 తర్వాత ఆమె నాతో విడిగా చెప్పింది. "ఆ గోడమీద నేనెక్కిన పడవ పక్కన ఒక్కసారి ‘చేరింది’ అని రాసుకోవాలే. అంతే."

పోటీకి ఒక గడువుంది. ముప్పయ్యో రోజు, మేం బయల్దేరిన రేవు టైము ప్రకారం మధ్యాహ్నం పన్నెండుకి అవతలి రేవులో గంట కొట్టి గమ్యం గీత మూసేస్తారు. ఆ తర్వాత వచ్చిన పడవ రానట్టే లెక్క.

ఇద్దరే ఉన్న పడవలో ఒకరు మూడు గంటలు చుక్కాని పట్టుకుంటే రెండోవాళ్ళు పడుకోవాలి. ఫోన్లు పోటీవాళ్ళు సంచిలో పెట్టి సీలు వేశారు. దారి చూపే పెట్టెలో టైమున్నా అది ఏదో దూరదేశపు టైము, కూడికలు తీసివేతలు చేస్తే గానీ తేలదు. అందుకని మా రేవు టైముకు పెట్టి పడవ లోపలి గదిలో గోడకు బిగించిన గడియారమే మాకు దిక్కు. మొదటి వారంలోనే వదిన నన్ను అరగంట ఆలస్యంగా లేపింది. ఇల్లు కాదు ఇది, నువ్వు నిద్రకు తూలి చుక్కాని వదిలేస్తే ఇద్దరం పోతామని నేను ఇంతెత్తున లేచాను. ఇక గడియారం చెప్పిందే చట్టమని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం.

పంతొమ్మిదో రోజు పెద్ద తెరచాప నిలువునా చిరిగింది. వదిన అరచేతికి తోలుపట్టీ తొడుక్కుని, మోకాళ్ళమీద గుడ్డ వేసుకుని, పడవ ఎగిరెగిరి పడుతుంటే రెండు రోజులు కుట్టింది. చుక్కాని వంతు మాత్రం ఒక్కటి కూడా నాకు వదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆమెను లేపడానికి లోపలికి వెళ్ళాను. వాచిన వేళ్ళు రొమ్ముకు ఆనించుకుని పసిపిల్లలా పడుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఒట్టు తీసి గట్టున పెట్టి, గడియారం ముల్లును పది నిమిషాలు వెనక్కి తిప్పాను. పది నిమిషాలు ఆగి లేపితే, గడియారం చూసి "సరిగ్గా లేపావే" అని మెచ్చుకుంది కూడా. ఆ తర్వాత వీలు దొరికినప్పుడల్లా తిప్పాను. మొత్తం ఎనిమిదిసార్లు.

ముప్పయ్యో రోజు పొద్దు పొడిచేసరికి గడియారంలో ఆరయింది. చిన్న తెరచాపతో వెళ్ళినా అవతలి రేవుకు నాలుగు గంటల దారి. నేను కాజేసిన ఎనభై నిమిషాలు తీసేసినా గడువుకు ముందే చేరతామని లోలోపల లెక్క వేసుకుని నిశ్చింతగా ఉన్నాను. అతుకేసిన పెద్ద తెరచాపను ఇక కష్టపెట్టడం ఎందుకని చుట్టే ఉంచాం. వదిన టీ గ్లాసు అందిస్తూ సూర్యుడికేసి చూసి ఆగిపోయింది.

"ఏమే, మనం బయల్దేరిన రోజు పొద్దు ఎన్నింటికి పొడిచింది?"

"ఆరింటికి."

"మరి పడమటికి ఇంత దూరం వచ్చాంగా. మన గడియారంలో బాగా ఆలస్యంగా పొడవాలి. ఇంకా ఆరే అంటోందేంటి?"

 నేను నోరు తెరిచేలోపే ఆమె తల దించుకుంది.

"నేను కొంచెం వెనక్కి తిప్పాననుకో. అయిదేసి నిమిషాలు, ఇరవైసార్లు. నువ్వింకాస్త పడుకుంటావని. అది లెక్కలో పెట్టుకునే ఉన్నా. అయినా కుదరట్లేదే."

"వదినా, నేనూ తిప్పాను."

"నువ్వా! ఎన్నిసార్లు?"

"ఎనిమిది. పదేసి నిమిషాలు."

ఇద్దరం దారి చూపే పెట్టె దగ్గరికి పరుగెత్తి దాని టైమును మా రేవు టైములోకి లెక్కగట్టాం. తొమ్మిది. మిగిలింది మూడు గంటలు.

"పెద్దది ఎత్తు" అంది వదిన.

"అతుకు ఆగుతుందా?"

"ఆగకపోతే ఇరవయ్యారేళ్ళు ఆ గోతిలో కూర్చుని నేనేం వెలగబెట్టినట్టు? ఎత్తవే!"

ఎత్తాను. పడవ ఒక పక్కకు ఒరిగి దూసుకుపోయింది. వదిన చుక్కాని పట్టుకుని, కళ్ళు మాత్రం ఆ అతుకుమీదే పెట్టింది. ఒక్క కుట్టు కదల్లేదు. రేవు గోడ మీద మనుషులు కనిపించే దూరంలో గాలి పడిపోయింది. పడవ నత్తలా కదులుతుండగా గంట మోగడం ఇద్దరం విన్నాం.  గీత దాటేసరికి పన్నెండూ పదకొండు నిమిషాలు.

జాబితా పట్టుకున్న పెద్దాయన మొహం చిన్నబుచ్చుకుని, "పదకొండు నిమిషాలేనమ్మా" అని నసిగాడు.

"ఉన్నదే రాయండి బాబూ" అంది వదిన.

రేవు మెట్లమీద కూలబడి బావురుమన్నాను. "నా వల్లే పోయింది వదినా. నావి ఎనభై నిమిషాలు."

"నావి వంద. పెద్దదాన్ని నేనుండగా నీకెందుకే ఆ గొప్ప?" అని పక్కన కూర్చుంది. ఉప్పు కట్టిన నా జుట్టు సర్దింది. "పెళ్ళయినప్పట్నించీ అందరూ నన్ను లేపినవాళ్ళే. పడుకోనిచ్చినదానివి నువ్వొక్కదానివే" అని, అప్పుడు ఆమె కూడా ఏడ్చింది.

ఇంటికొచ్చాక మా తెరచాప నంబరు పక్కన తన చేత్తోనే ‘చేరలేదు’ అని రాసింది. నేను తుడవబోతే చేతిమీద ఒక్కటిచ్చింది. పడవలోని గడియారాన్ని మాత్రం విప్పి తెచ్చి గోతికి ఎదురుగా తగిలించింది. అది ఇప్పటికీ మూడు గంటలు వెనకే నడుస్తుంది, వదిన ఎవర్నీ దాన్ని సరిచేయనివ్వదు.

సెలవు రోజుల్లో నేను షెడ్డుకు వెళతాను. భోజనమయ్యాక వదిన మడతపెట్టిన తెరచాపల మీద నడుం వాల్చి, "మూడింటికి లేపవే, చాలా పనుంది" అంటుంది. ఆ గడియారంలో మూడయ్యేదాకా నేను లేపను. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే పడుకుంటుంది.