లీగారి లీలలు

నీటి పంపులు తయారుచేసే ఆ కంపెనీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన ‘లీగారు’. కంపెనీ తరఫున ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం ఆయన ఉద్యోగం. ఆయన ఉత్తరంలో ఏ వాక్యం పట్టుకున్నా ఒక ‘లీ’ తగిలేది. స్ట్రాంగ్లీ, ఫర్మ్‌లీ, సీరియస్‌లీ, ఎంఫాటికల్లీ. ‘కోరుతున్నాం’ అని ఊరుకుంటే ఆయనకు అన్నంలో ఉప్పు మరిచినట్టు ఉండేది. ‘గట్టిగా కోరుతున్నాం’ అంటేగానీ చెయ్యి ఆగేది కాదు.

మనిషి మాత్రం నోట్లో నాలుక లేని బాపతు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే సారీ తనే చెప్పేవారు. పై వాటావాళ్లు బట్టలు పిండకుండా ఆరేస్తే, కింద వరండాలో గొడుగు వేసుకుని పేపరు చదివేవారు.

“పైకెళ్లి ఓ మాట చెప్పి రారాదూ?” అనేది భార్య.

“చెబుదాంలే. నీళ్లేగా, అవే ఆరిపోతాయి.”

“కాగితం మీద పులి, గడప దాటితే పిల్లి. మీ లీలలు మీకే తెలియాలి!”

ఒకసారి రబ్బరు వాషర్ల కంపెనీ నుంచి కొత్త సరుకు వచ్చింది. అవి బిగించిన పంపులన్నీ జలుబు చేసిన ముక్కుల్లా కారడం మొదలుపెట్టాయి. యజమాని లీగారిని పిలిపించాడు.

“మనకెంత మండిందో వాళ్లకి తెలియాలండీ. గట్టిగా రాయండి.”

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది లీగారికి. ‘స్ట్రాంగ్లీ ఆబ్జెక్ట్ చేస్తున్నాం’ అని ఎత్తుకుని పేజీ నిండా దులిపేశారు. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. అందులో మొదటి ముక్కే ‘వెహిమెంట్లీ డినై’ అని ఉంది.

యజమానికి ఇంగ్లీషు అంతంతమాత్రం. “వెహిమెంట్లీ అంటే ఏంటండీ?”

“స్ట్రాంగ్లీకి అన్నయ్య లాంటిది సార్.”

“అయితే మనం వాళ్ల నాన్నని దింపాలి.”

లీగారు డిక్షనరీ తిరగేసి ‘కేటగారికల్లీ’ని దింపారు. అవతల నుంచి ‘అనీక్వివొకల్లీ’ వచ్చిపడింది. అది పలకలేక యజమాని మంచినీళ్లు తాగాడు. ఇలా రెండువైపులా తాతలు, ముత్తాతలు కూడా రంగంలోకి దిగారు. పంపులు మాత్రం కారుతూనే ఉన్నాయి. ఫ్యాక్టరీ మేస్త్రీ ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని తిరుగుతున్నాడు.

చివరికి యజమాని తేల్చేశాడు. “ఉత్తరాలతో పనయ్యేలా లేదు. మీరే వెళ్లి మొహం మీదే కడిగెయ్యండి. రాతే ఇలా ఉంటే మాట ఇంకెలా ఉంటుందో!”

మాట ఎలా ఉంటుందో లీగారికి బాగా తెలుసు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

“వెహిమెంట్లీ అని రాసినవాడు ఎలా ఉంటాడంటావ్? బుర్ర మీసాలు, బుగ్గ మీద కత్తిగాటు...”

“ఉంటే ఉన్నాయి, మిమ్మల్నేం కొరుక్కు తినడు. రేపు ఆ నీలం చొక్కా మాత్రం వేసుకెళ్లకండి, కాలరు చిరిగింది,” అంది భార్య.

మర్నాడు పొద్దున్నే జేబులో ఓ వాషరు వేసుకుని బయల్దేరారు. ఉత్తరాలు రాసేవారిని కలవాలని ఆయన గొణిగింది వాచ్‌మన్‌కి మూడోసారికి గానీ అర్థం కాలేదు. లోపలికి వెళ్తే వరండా చివర గదిలో, మోకాలికి కట్టు కట్టుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని ఓ పెద్దావిడ టకటకా టైపు చేస్తోంది. ఇంకెవరూ లేరు.

“నమస్కారమండీ. పంపుల కంపెనీ నుంచి వచ్చాను.”

“దుంపలా? మాకొద్దు నాయనా.”

“దుంపలు కాదండీ...”

“ఈ మిషన్ల రొదలో నా చెవులు ఏనాడో పోయాయి. దోమలా గుయ్యిమంటే ఎలా? గట్టిగా చెప్పు!”

లీగారు గొంతు సవరించుకుని మళ్లీ చెప్పారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకాస్త పెంచారు. ఊహూ. ఆఖరికి కళ్లు గట్టిగా మూసుకుని, బొడ్డు దగ్గర నుంచి ఊపిరి తీసుకుని అరిచారు.

“వాషర్లూ! కారుతున్నాయీ!”

కిటికీ అద్దాలు గలగలలాడాయి. పక్క గదిలో పనివాళ్లు చేతులాపి చూశారు. అరిచింది ఎవరా అని లీగారు కూడా వెనక్కి తిరిగి చూసుకున్నారు.

“అయ్యో, కారుతున్నాయా? మరి ఆ ముక్క రాయలేదేం?” అంది ఆవిడ.

“రాశాం కదండీ!” ఈసారి అరుపు కాస్త సులువుగానే వచ్చింది.

ఆవిడ ఉత్తరాల కట్ట తీసింది. ఇద్దరూ కళ్లజోళ్లు పెట్టుకుని ఒక్కొక్కటే చదివారు. గట్టిగా ఆక్షేపించడం ఉంది, తీవ్రంగా విచారించడం ఉంది, నిర్ద్వంద్వంగా తిరస్కరించడం ఉంది. కారడం మాత్రం మచ్చుకి కూడా లేదు.

“నీకు ఎంత కోపమొచ్చిందో ఉంది నాయనా, ఎందుకొచ్చిందో లేదు.”

లీగారి మొహం కందగడ్డ అయింది. “మరి మీరు దేన్ని డినై చేశారండీ?”

“నాకేం తెలుసు? మా సారు గట్టిగా రాయమన్నారు, రాశాను. నీ కేటగారికల్లీ చూశాక నాకు అన్నం సయించలేదంటే నమ్ము. ఎవడో రాక్షసుడు అనుకున్నా!” అని ఆవిడ పకపకా నవ్వింది. లీగారికీ నవ్వాగలేదు.

వాషరు చేతికివ్వగానే ఆవిడ స్టోర్సు గుమాస్తాని కేకేసింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి నాలిక్కరుచుకున్నాడు. వేరే కంపెనీకి వెళ్లాల్సిన పెద్ద సైజు మూట పొరపాటున వీళ్ల లారీ ఎక్కిందట. లీగారు టీ తాగి కప్పు కింద పెట్టేలోపు సరైన సరుకు వ్యానుకెక్కింది.

తిరిగొచ్చేసరికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. యజమాని పొంగిపోయాడు. “గొంతు పోయేలా తిట్టారన్నమాట! శభాష్!” లీగారు కాదనబోయారు గానీ మాట పెగల్లేదు.

పంపులు కారడం మానేశాయి. అప్పట్నుంచి ఆయన ఉత్తరాల్లో ఏమైంది, ఏం కావాలి అన్నవి ముందుకొచ్చాయి. ‘లీ’లు అక్కడక్కడా పోపులో ఆవాల్లా తగిలేవి. ఘాటు తగ్గిందని యజమాని కొన్నాళ్లు గునిశాడు గానీ, జవాబులు తొందరగా వస్తుండటంతో ఊరుకున్నాడు.

పెద్దావిడకి మాత్రం ఉత్తరాలు మానేసి ఫోనే చేసేవారు. ఆయన గది తలుపు గాజుది. బయటికి మాటలు వినపడవు, మోత ఒక్కటే వినిపిస్తుంది. లోపల లీగారు నుదుటి నరాలు ఉబ్బేలా అరుస్తుంటే యజమాని వచ్చినవాళ్లందరికీ గర్వంగా చూపించేవాడు.

“చూశారా, సప్లయర్లని మావాడు ఎలా వణికిస్తాడో!”

లోపల లీగారు అరుస్తున్నారు. “మోకాలు నొప్పి పెట్టుకుని ఆ మెట్లెందుకు ఎక్కారండీ?”