నేను లేని నా కొట్టు

ఆ రోజుల్లో, కరోనా తగ్గి దుబాయ్‌లోని సత్వా వీధుల్లో మళ్లీ చాయ్ గ్లాసులు కనిపిస్తున్న కాలంలో, నాకంటూ ఉన్నవి ఒక మంచం, ఒక పెట్టె, ఒక పేరు. మొదటి రెండూ ఎవరికైనా ఇచ్చేంత తెలివితక్కువవాణ్ణి కాను. పేరు మాత్రం ఇచ్చేశాను. పక్కమంచం కడప భాయ్ ఆన్‌లైన్‌లో విగ్గులు అమ్ముదామనుకున్నాడు. అతని పేరు మీద లైసెన్సుకు వాళ్ల కంపెనీ ఒప్పుకోలేదు, నాకు మా కంపెనీ ఒప్పుకుంది. "ఉత్త పేరే గదా తమ్ముడూ నేనడిగేది, కిడ్నీ గాదు గదా" అన్నాడు. (కిడ్నీ అయితే ఆలోచించేవాణ్ణేమో.) పేరు తెచ్చుకోవాలని దుబాయ్ వచ్చినవాణ్ణి, ఉన్న పేరు అరువిచ్చి, అతను పెట్టించిన బిర్యానీ తిని మరిచిపోయాను. కొన్నాళ్లకు భాయ్ గంట దూరంలోని ఉమ్ అల్ క్వైన్‌కు మకాం మార్చాడు.

ఏడాది తిరగకుండానే, ఒకరోజు ఆఫీసులో భోజనాల వేళ, ఊసుపోక భాయ్ విగ్గులు అమ్మే యాప్‌లో నా పేరు కొట్టి చూశాను. బోలెడు విగ్గులు, కింద కొన్నవాళ్ల మెచ్చుకోళ్లు. 'చాలా మర్యాదస్థుడు', 'ఫోన్‌లో గొంతు తియ్యగా ఉంటుంది.' ఆ మాట మా అమ్మ కూడా నన్ననలేదు. సరదాకి 'మాట్లాడేది ఎవరండీ' అని మెసేజ్ పెట్టాను. వెంటనే ఇంటిపేరుతో సహా నా పేరు వచ్చింది. దాని కింద, 'నేను ఎప్పుడూ ఇక్కడే ఉంటాను.'

మా ఆఫీసులో లెక్కలు చూసే నెల్లూరు మామకు ఫోను చూపిస్తే, ఆయన ఒక్కో విగ్గు కింద ఎన్ని అమ్ముడయ్యాయో చూసి కళ్లజోడు తీశాడు. "ఏందబ్బయా ఇది, పన్నెండు నెలల్లో అమ్మకం మూడు లక్షల డెబ్భై అయిదు వేల దిర్హమ్‌లు దాటితే వ్యాట్‌కు రిజిస్టర్ గావాల. లాభం గాదు, మొత్తం అమ్మకం. ఇది దాటినట్టే ఉండాదే."

"యాప్ వాళ్లు కడతారు కదా మామా?"

"వాళ్లు అంగడికి చోటిస్తారు, అంతే. ఈ దేశంలో ఉండి అమ్మేవాడిదే పన్ను. లైసెన్సు ఎవురిది?"

నేను మెల్లగా ఫోను బోర్లించాను.

"దాటినాక నెలలోపల చేసుకోకపోతే జరిమానా నీకే. ఆ భాయ్ సంగతంటావా, గవర్నమెంటు లెక్కలో వాడసలు పుట్టనే లేదు."

భాయ్ ఫోనెత్తలేదు. సెలవురోజు మధ్యాహ్నం యాప్‌లో ఉన్న చిరునామా పట్టుకుని ఉమ్ అల్ క్వైన్ వెళ్లాను. గోదాముల సందులో మనిషి అలికిడి లేదు, తెల్లటి ఎండ తప్ప. చివరి షట్టర్ మీద బోర్డు, బోర్డు మీద నా పేరు. లోపల అరల నిండా తెల్లటి థర్మోకోల్ తలలు, కళ్లు లేనివి, అన్నీ వాకిలి వైపే తిరిగి ఉన్నాయి. ఏసీ గాలికి వాటి జుట్టు మాత్రం మెల్లగా కదులుతోంది. (నాకప్పటికే బట్టతల మొదలైంది. అవి నన్ను చూసి జాలిపడుతున్నట్టనిపించింది.) ప్యాకింగ్ చేస్తున్న పెద్దాయనకు నా పేరు చెప్పి, ఉన్నారా అని అడిగాను.

"సేఠ్ అభీ అభీ గయా" అన్నాడాయన తలెత్తకుండా.

ఇప్పుడే వెళ్లానట. బల్ల మీద చాయ్ ఇంకా పొగలు కక్కుతోంది. ఎటు వెళ్లి ఉంటానా అని నేను నిజంగానే సందులోకి తొంగిచూశాను. అటునుంచి, చేతులు కడుక్కుని, పాపిడి తీసిన విగ్గుతో, జుట్టున్న రోజుల్లో దిగిన పాస్‌పోర్టు ఫోటోలో నాలాగే ఉన్నవాడొకడు నడిచివస్తున్నాడు.

"నువ్వా తమ్ముడూ, ట్యాక్సోళ్లనుకుని బెదిరితి గదా" అన్నాడు కడప భాయ్.

"ట్యాక్స్ వాళ్లు నాకోసం వస్తారు భాయ్. అసలు నువ్వెవరు?"

అతను విగ్గు తీసి చేత్తో పట్టుకున్నాడు.

మామ పుణ్యమా అని గడువులోగా రిజిస్టరయ్యాం, పన్ను భాయే కట్టాడు. తర్వాత అతని పాత ఉద్యోగం పోతే ఆ కొట్టు వీసా మీదికే వచ్చాడు. కాగితం మీద నేను ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, అతను నా పనివాడు. కడప వెళ్లొస్తానని ఒకనాడు సెలవు చీటీ తెచ్చి, "సంతకం పెట్టు తమ్ముడూ, యల్లా" అని తొందరపెట్టాడు.

"ఆలోచించి చెబుతాను" అన్నాను.

ఆలోచించడానికేమీ లేదు, మర్నాడు పొద్దున్నే పెట్టేశాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, సంతకం ఆపిన ఆ రాత్రి మాత్రం నా పేరు గలవాడు, అన్నాళ్లూ ఎక్కడ తిరిగొచ్చాడో, నా మంచం మీదే పడుకుని హాయిగా నిద్రపోయాడు.