ఇస్త్రీ పెట్టె పక్కన చలి

వీధంతా ఇస్త్రీ వదిన అని పిలిచే ఆమెకు మండుటెండల్లో, వేడి పెట్టె పక్కన శాలువా కప్పుకుని నిలబడినా చలి వేసేది. చొక్కా సగం మడిచేసరికి చేతులు వాలిపోయేవి. "ఒళ్లు పెంచావు, పని తగ్గించావు" అని అత్తగారు దెప్పేది. "బొగ్గులు పెట్టెలో కాదు, శాలువాలో పోసుకో వదినా!" అని బట్టలిచ్చేవాళ్లు నవ్వేవారు. ఎందుకా చలి అని ఒక్కరైనా అడిగితేగా!

చివరికి రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ చెప్పింది. "ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి, నీ గొంతులోని థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తోందమ్మా. అందుకే ఈ చలీ, నీరసమూ. ఇది బద్ధకం కాదు. రోజూ పరగడుపున మాత్ర వేసుకో."

కొన్ని నెలలకు చలి తగ్గి, ఒళ్లు తేలికపడింది. బట్టల మూటలు మళ్లీ చకచకా తెమలసాగాయి. అది చూసి అత్తగారు ఓ పొద్దున మాత్రల డబ్బా దాచేసింది.

"బాగానే ఉన్నావుగా, ఇంకా మందులెందుకే?"

వదినకు ఒళ్లు మండిపోయింది.

"మాత్ర వేసుకుంటున్నా కాబట్టే బాగున్నానత్తయ్యా! బాగాలేనప్పుడు సోమరిదాన్నన్నారు, బాగయ్యాక మందు దాస్తారా? ఇలా ఇవ్వండి."

అత్తగారు డబ్బా ఇచ్చి, టీ గ్లాసూ అందించింది. వదిన నీళ్లతో మాత్ర మింగి, టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"మాత్ర మీద వెంటనే టీ తాగకూడదు. అదైనా గుర్తుపెట్టుకోండి."

ఆ పాత శాలువాను ఇస్త్రీ బల్ల మీద పరిచి, మొదటి చొక్కా అందుకుంది.