ఒకదాని మీదా, రెండింటి మీదా?

ఇంజెక్షన్‌కు ముందు నర్సు చేతికి స్పిరిట్ రాయగానే అందరికీ సూది గుర్తొస్తుంది. నాకు ఖాదర్ గారు గుర్తొస్తారు. రేవు దగ్గరి ఒక సరుకుల యార్డులో, నా మొదటి ఉద్యోగంలో ఆయన సూపర్‌వైజరు. తెగిన ఫైబర్‌ను అతికించే ముందు, వెంట్రుకంత గాజుపోగును స్పిరిట్ గుడ్డతో పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచేవారు. మా మీద అంత శ్రద్ధ ఉండేది కాదు.

యార్డులోని క్రేన్లు, గేటు, లారీల కాటా, కంట్రోల్ రూము అన్నింటినీ, వాటి మధ్య ఆదేశాలు మోసే రెండు ఫైబర్ రింగులు చుట్టి కలిపేవి. రెండెందుకని మొదటి వారమే అడిగాను. పాతపట్నం ముస్లిం అయిన ఆయన సింహాచలం గిరిప్రదక్షిణతో జవాబు చెప్పారు.

"కొండ సుట్టూ జనం ఒకేపు తిరుగుతారు కదా. పక్కనే ఎదురు దిక్కుకి ఇంకో దారి ఖాళీగా ఉంచావనుకో. ఒక సోట రెండు దారులూ తెగిపోయాయి. జనం ఏటి సేత్తారు?"

"ఇంటికి పోతారు."

"నీలాటోళ్లు పోతారు. భక్తులు ఆ తెగిన కాడ ఎనక్కి తిరిగి, ఖాళీ దారంట కొండంతా సుట్టి అవతలి పక్కకి సేరతారు. మన కబుర్లూ అంతే బావ."

కొన్నాళ్లకు క్యాంటీన్ వెనక కాలువ తవ్వుతూ పొక్లెయిన్ ఆ రెండు రింగులూ ఉన్న కేబుల్‌ను తెంపేసింది. కంట్రోల్ రూములో హెచ్చరికగా పసుపు దీపం వెలిగింది కానీ, క్రేన్లు ఆగలేదు. అది శనివారం మధ్యాహ్నం. సోమవారం చూద్దామనుకుని రిజిస్టరులో "అంతా సక్రమం" అని రాశాను. దస్తూరి కూడా ముచ్చటగా కుదిరింది. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఉద్యోగం ఖాయమయ్యేదీ లేనిదీ ఆ పై వారం తేలాలి.

ఖాదర్ గారు దీపాన్ని చూశారు, రిజిస్టరు చూశారు, నన్ను చూశారు.

"నడుస్తోంది కదండీ" అన్నాను.

"నడస్తంది, ఒంటి కాలి మీద. ఇంకో సోట తెగిందంటే యార్డు రెండు ముక్కలు. ఇక్కడ నువ్వు ఆగమంటావ్, అక్కడ క్రేనుకి ఇనపడదు. దాని కింద మనుషులుంటారు. మేనేజరుకి ఫోన్ సెయ్యి."

"మీరు చెప్పండి."

"రాసింది నువ్వా, నానా?"

చేశాను. మేనేజరు గారి అభిప్రాయం, ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా స్పష్టంగానే వినిపించింది. క్రేన్లు ఆపించారు. ఖాదర్ గారు గట్టు మీద నిలబడి చెబుతుంటే, గోతిలోకి దిగి నేనే అతికించాను. సాయంత్రానికి దీపం ఆరింది.

ఆ లోపల కేబుల్ ఇంకెక్కడా తెగలేదు. నా ప్రొబేషన్ ఆరు నెలలు పెరగడం తప్ప ఏమీ జరగలేదు. ఖాదర్ గారి సర్వీసంతా ఇలా ఏమీ జరగని రోజులే. అలాంటి రోజులకు పెద్ద సన్మానాలు ఉండవని ఆయన రిటైరైన నాడు తెలిసింది. ఒక దండ, సమోసా, టీ.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఎవరైనా వచ్చి "నడుస్తోంది సార్" అంటే, "ఒకదాని మీదా, రెండింటి మీదా?" అని అడుగుతాను. విసుక్కుంటారు. వెళ్లి చూసి వస్తారు.