చిన్నిగాడి నడుముకు నేను వేసిన ముడి

మా చిన్నప్పుడు... మరమగ్గాల పనికి వలస వచ్చినవాళ్ళ బస్తీ లింబాయత్‌లో మా ఒంటిగది ఇంటి కిటికీ ఊచకు ఒక కోతిపిల్ల కట్టేసి ఉండేది. కోతినాడించేవాడి దగ్గర బాపు కొనుక్కొచ్చాడు. పేరు చిన్నిగాడు. అవ్వ సత్తు గిన్నెలో పాలు పోస్తే రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు...

వాడి నడుముకు దారం కట్టింది నేనే. బాపు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి నాకూ నేర్పాడు. ఎంత లాగితే అంత బిగుస్తుంది. పాలిస్టర్ దారం నాలుగు పేటలు పేని, ఆ ముడే వేశాను.

"నా బిడ్డ ముడేస్తే సేఠొచ్చినా ఇప్పలేడు!" అని బాపు మురిసిపోయాడు.

చిన్నిగాడు పెరిగాడు. దారం పెరగలేదు...

ఒకరోజు వాడికి పేలు చూస్తూ నడుము దగ్గర వెంట్రుకలు పక్కకు తీశాను. దారం కనిపించలేదు. చర్మం లోపలికి దిగిపోయింది. చీము వాసన...

"బాపూ, జర కోసేద్దాం."

"కోస్తే ఉరుకుతడే పిచ్చిదానా. పసుపు పెట్టు, గదే మానుతది."

మూడు రోజులు పసుపు పెట్టాను. మానలేదు. నాలుగో రోజు బడిలో మా టీచరమ్మకు చెప్పేశాను. ఆమె అటవీశాఖ వాళ్ళకు చెప్పింది.

వాళ్ళు వచ్చేసరికి గల్లీ అంతా మా గుమ్మం ముందే. కోతిని కొనడమూ నేరమే, కట్టేయడమూ నేరమే అన్నారు.

"పిల్ల లెక్క సాదుకుంటున్నం సాబ్!" బాపు గొంతు పెంచాడు. "మీకు చెప్పినోడు ఎవడు?"

"నేనే చెప్పిన" అన్నాను.

చెంప చెళ్ళుమంది. ఏడవలేదు. "మల్ల తెస్తే మల్ల చెప్త" అన్నాను.

దారం కోస్తుంటే చిన్నిగాడు పెట్టిన కేక ఇప్పటికీ వినిపిస్తుంది. మందు వేసి, మానాక అడవిలో వదులుతామని తీసుకుపోయారు. బతికాడో లేదో తెలియదు...

మా వాళ్ళు నన్ను ఇప్పటికీ "కోతిని పట్టిచ్చిన పిల్ల" అంటారు. అననివ్వండి.

ఇప్పుడు కిటికీ ఊచలు పోయి ఫోన్లు వచ్చాయి. గౌను తొడిగిన విదేశీ కోతిపిల్ల వీడియో కింద "ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగేవాళ్ళే అందరూ. అలా పెంచుకోవడం కుదరదని ఎవరైనా అంటే, "ప్రేమగా పెంచుకుంటే చట్టానికేం నొప్పి?" అని కోపం.

మేమూ ప్రేమగానే పెంచాం. ఆ ప్రేమే చీము పట్టింది.

మీ ఇంట్లోనూ కోతిపిల్ల ఉండేదా? ఎంత ముద్దుగా ఉండేదో అందరూ రాస్తారు... చివరికి ఏమైందో రాయండి.